ఒక్తావియో వణుకు డబ్బా

ఒక్తావియో సంగామా శబ్దాన్ని తిన్నగా వెళ్ళనిచ్చేవాడు కాదు. మనిషి చెడ్డవాడు కాడు. తాగుబోతు కాడు, ఆదివారం చర్చికి వెళ్ళేవాడు, పెళ్ళాం ఏది పెడితే అది వంక పెట్టకుండా తినేవాడు. కానీ గిటారు తీగ మీటగానే పుట్టిన శబ్దం బుద్ధిగా వచ్చి మన చెవిలో పడిందంటే మాత్రం ఆ పూట అతనికి అన్నం సహించేది కాదు. అది దారిలో వణకాలి. లేదా ఊగాలి. లేదా నాలుగు సుడులు తిరిగి, ఎటు నుంచి వచ్చిందో మనకు తెలియకుండా రావాలి.

"నిలకడగా ఉన్న శబ్దం చచ్చిన చేపరా బక్కోడా" అనేవాడు. "నీళ్ళమీద తేలుతుంది గానీ ఈదదు."

బక్కోడంటే నేనే. ఉకయాలి నది ఒడ్డున ఉన్న మా ఊరు పుకాల్పాలో, 'ఉకయాలి సుడిగుండాలు' అనే మా బృందంలో పన్నెండేళ్ళు బేస్ గిటారు వాయించాను. బేస్ వాయించేవాడి మొహం ఎవరూ చూడరు. వాడు మాత్రం వెనక నిలబడి అందరి మొహాలూ చూస్తూ ఉంటాడు. కాబట్టి ఒక్తావియో గురించి చెప్పే హక్కు నాకే ఎక్కువని నా ఉద్దేశం. ఆయన భార్య ఎర్లిందా దీనికి ఒప్పుకోదు, అది వేరే సంగతి.

ఈ వణుకులకీ సుడులకీ రాజధాని లీమాలో కుర్రాళ్ళు ట్రెమలో, ఫేజర్, కోరస్ అని పేర్లు పెట్టుకున్నారు. ఒకటి శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, ఒకటి దాన్ని గుండ్రంగా తిప్పుతుంది, ఒకటి ఒక్క గిటారుని ఇద్దరు వాయిస్తున్నట్టు చేస్తుంది. ఒక్తావియోకి ఈ పేర్లేవీ పట్టవు. అన్నిటినీ కలిపి 'ఊపు' అనేవాడు. ఊపు లేని పాటని మెతుకు లేని హువానే అనేవాడు. హువానే అంటే అన్నం, కోడిమాంసం ఆకులో చుట్టి ఉడికించేదే కాబట్టి, అందులో మెతుకు లేకపోతే మిగిలేది ఏమిటో ఊహించుకోండి.

వృత్తి చెప్పలేదు కదూ. రేవు దగ్గర సంతవీధిలో రేడియోలు బాగుచేసేవాడు. పనిమంతుడే. ఎంత పాడైన రేడియో అయినా రెండు రోజుల్లో మాట్లాడించేవాడు. చిక్కల్లా అది ఎలా మాట్లాడుతుందన్న దగ్గరే వచ్చేది.

"ఒక్తావియో, వార్తలు చదివేవాడు ఏడుస్తున్నాడయ్యా" అంటూ ఒకసారి దోన్యా కసీల్దా అనే పెద్దావిడ రేడియో చంకన పెట్టుకుని వచ్చింది.

"వార్తలు అలా ఉన్నాయి మరి దోన్యా."

"ఫుట్‌బాల్ చెప్పేవాడు కూడా ఏడుస్తున్నాడు."

"మనం ఓడిపోతున్నాం కదా!"

"నిన్న గెలిచాం!"

"అయితే ఆనందబాష్పాలు అయ్యుంటాయి" అని ఒక్తావియో రేడియో తీసుకోకుండానే ఆవిణ్ణి సాగనంపాడు. ఆవిడ మళ్ళీ రాలేదు. ఏడుస్తూ చెప్పే వార్తలకి అలవాటు పడిపోయాక మామూలు రేడియో చప్పగా ఉందని తర్వాత మా అమ్మతో అందట.

కుట్టుమిషను కథ ఇంకా పాతది. స్పీకరు గుండ్రంగా తిరుగుతూ ఉంటే శబ్దం కూడా గదంతా తిరుగుతుందని ఎవరో ఓడ కప్తాను చెప్పాడు. ఒక్తావియో ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారేసరికి ఎర్లిందా కుట్టుమిషను చక్రానికి ఒక స్పీకరు కట్టేసి, ఆవిణ్ణే కూర్చోబెట్టి తొక్కమన్నాడు. ఆవిడ తొక్కింది. స్పీకరు తిరిగింది. దాంతోపాటు దాని తీగ కూడా తిరిగింది, చక్రానికి చుట్టుకుంది, బిగిసింది, తెగింది. స్పీకరు కిటికీలోంచి ఎగిరి, పొయ్యిమీద మరుగుతున్న చేపల పులుసులో పడింది.

"విన్నావా?" అన్నాడు ఒక్తావియో మొహం వెలిగిపోతూ.

"దేన్ని వినమంటావు, పులుసునా?" అంది ఎర్లిందా.

"అది తెగేముందు ఒక్క క్షణం, ఒక్క క్షణం, ఎర్లిందా, గది మొత్తం తిరిగింది!"

"నా తల కూడా తిరుగుతోంది. పెళ్ళయిన దగ్గర్నించీ తిరుగుతోంది. దానికేం తీగలు కట్టలేదు నువ్వు."

ఇలా నవ్వుకుంటూ రోజులు గడిచేవి. కానీ మేం లీమా వెళ్ళడానికి నాలుగేళ్ళ ముందు, ఓ వానాకాలంలో ఒక్తావియో ఆ డబ్బా తయారుచేశాడు. పాలపొడి డబ్బా. దానికి ముందువైపు రెండు మరలు, ఒకటి వేగానికి, ఒకటి లోతుకి. పైన ఎర్రలైటు. వెనక రెండు కన్నాలు. ఒక కన్నంలో గిటారు తీగ. రెండో దాంట్లో గాయకుడి మైకు తీగ. అంతవరకూ తన గిటారుని మాత్రమే వణికించుకున్న మనిషి, ఆ రోజు నుంచి గాయకుణ్ణి కూడా కలిపి వణికించడం మొదలుపెట్టాడు.

ఆ డబ్బా వల్ల ఊళ్ళో జరిగినవి అన్నీ ఇన్నీ కావు. జూలై ఇరవై ఎనిమిది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. బడి బ్యాండులో బాకా ఊదేవాడికి గవదబిళ్ళలు వచ్చాయని మేయరు మమ్మల్ని పిలిపించాడు. జాతీయగీతం మొదలైంది. ఒక్తావియో మీటిన ప్రతి స్వరం గడగడ వణికింది. బిగుసుకుని నిలబడ్డ సైనికులు కూడా సన్నగా ఊగడం నేను వెనకనుంచి చూశాను. గీతం అయిపోగానే కెప్టెన్ మా దగ్గరికి వచ్చాడు. అవి మిలటరీవాళ్ళు దేశాన్ని ఏలుతున్న రోజులు. నా కాళ్ళు కూడా వణికాయి, డబ్బా సాయం లేకుండానే.

"జాతీయగీతం ఎందుకయ్యా వణుకుతోంది? దేశం ఎవరికి భయపడుతోందని?"

"భయం కాదండి కెప్టెన్‌గారూ" అన్నాడు ఒక్తావియో. "పైన జెండా చూడండి. అది మాత్రం నిలకడగా ఉందా?"

కెప్టెన్ తలెత్తి చూశాడు. నది మీదినుంచి గాలి బాగా వీస్తోంది. ఆయన చాలాసేపు చూశాడు. ఆయన చదువుకున్న నిబంధనల పుస్తకంలో దీనికి జవాబు లేదు కాబోలు, ఒక సెల్యూటు కొట్టి వెళ్ళిపోయాడు.

పెళ్ళిళ్ళ సంగతి మరీను. ఓ పెళ్ళిలో మేళం మాదే, మైకు కూడా మాదే. మా చర్చి పాద్రే అన్సెల్మో మామూలుగా నలభై నిమిషాలు ప్రసంగించే మనిషి. మైకు అందుకుని "సుఖంలోనూ దుఃఖంలోనూ" అనేసరికి ఆ మాట పెరటి నలుమూలలా వణుకుతూ తిరిగింది. పెళ్ళికూతురి నాయనమ్మ పరిశుద్ధాత్మ దిగివచ్చిందనుకుని మోకాళ్ళమీద కూలబడింది. తన గొంతు విని తనే భయపడిన పాద్రే నాలుగే నాలుగు నిమిషాల్లో పెళ్ళి ముగించి కుర్చీలో కూర్చుని మంచినీళ్ళడిగాడు. ఆ తర్వాత నెల రోజులపాటు పుకాల్పాలో ఏ పెళ్ళి కుదిరినా ముందు ఒక్తావియో డబ్బా ఖాళీగా ఉందో లేదో కనుక్కునేవాళ్ళు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. నవ్వలేనివాడు మా గాయకుడు రెమీహియో పినేదో.

రెమీహియో పూర్వం లాంచీ నడిపేవాడు. అతను కేకేస్తే నది అవతలి ఒడ్డున జనం సామాన్లు సర్దుకునేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా పాడుతున్నాడు. అతని పెద్దకూతురి జ్ఞానస్నానానికి పెద్దమనిషిగా నిలబడినవాడు ఒక్తావియోయే. మాలో ఆ వరసవాళ్ళు ఒకరినొకరు 'కుంపా' అని పిలుచుకుంటారు. ఒకరి కష్టం ఇంకొకరు మోయాల్సిన వరస అది. వీళ్ళిద్దరూ మాత్రం ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడుకునేవాళ్ళు.

"నా గొంతు సింహం గొంతురా! నీ డబ్బా దాన్ని మేకపిల్లని చేసింది!" అనేవాడు రెమీహియో.

"మేకకి ఏం తక్కువ కుంపా? పాలిస్తుంది."

"ఆ తీగ పీకెయ్."

"పీకను."

ఊరు ఊరంతా రెమీహియో పక్షమే. బంగారంలాంటి గొంతుని ఆ ఒక్తావియో నాశనం చేస్తున్నాడని సంతలో ఆడవాళ్ళు ఎర్లిందా మొహం మీదే అనేవాళ్ళు. ఆవిడ హువానే కొట్టు దగ్గర ఆగి, కొనకుండా, ఒక తిట్టు తిట్టి మరీ వెళ్ళేవాళ్ళు. మేమూ బృందంలో మూడుసార్లు ఓట్లు వేసుకున్నాం. మూడుసార్లూ డబ్బా తీసెయ్యాలని ఐదు ఓట్లు, ఉంచాలని ఒకటి. మూడుసార్లూ ఒక్తావియో ఓట్లు శ్రద్ధగా విని, "మంచిది. డబ్బా పోతే నేనూ పోతాను" అనేవాడు. ఆంప్లిఫయరు అతనిది. స్పీకర్లు అతనివి. గిటారు అతనిది. ప్రజాస్వామ్యం అక్కడితో ఆగిపోయేది.

దీనికి తోడు ఇంకో చాదస్తం. ప్రతి పాటకీ ముందు, జనం అంతా చూస్తుండగా, ఒక్తావియో రెమీహియోతో తగువు పెట్టుకోవాల్సిందే. తగువు లేకుండా పాట మొదలయ్యేది కాదు.

"కుంపా, నిన్న నీ పాట విని మా కోడి గుడ్డు పెట్టడం మానేసింది."

"ఏమన్నావురాఆఆఆ!"

రెమీహియో కేక పందిరి కప్పు దాకా లేచేది. ఒక్తావియో వంగి, తల ఓ పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని ఆ కేక పూర్తిగా వినేవాడు. డబ్బా మీద వేగం మర పావు వంతు తిప్పేవాడు. అప్పుడు లేచి, "ఊఁ, కానివ్వండి" అనేవాడు. తర్వాతి పాటకి మళ్ళీ కోడి, లేదా రెమీహియో అత్తగారు, లేదా అతని టోపీ. జనం ఈ తగువు కోసమే ముందుగా వచ్చి బెంచీలు పట్టుకునేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. సంగీతం తెలిసిన మనిషికి ఇంత చిల్లరతనం ఎందుకు అనుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో లీమా నుంచి ఉత్తరం వచ్చింది. జూన్‌లో జరిగిన సాన్ హువాన్ పండగలో మా పాట విన్న ఒక రికార్డు కంపెనీ పెద్దమనిషి రాశాడు. ఫలానా తేదీన రండి, ఒక్క రోజు స్టూడియో ఇస్తాం, రెండు పాటలు పాడండి, ప్లేటుకి అటో పాట ఇటో పాట అన్నాడు. కింద ఒక షరతు: ఆ వణుకు మాత్రం వద్దు. గిటారూ గొంతూ శుభ్రంగా ఉండాలి. లేకపోతే ప్లేటు కొన్నవాళ్ళు తమ గ్రామఫోను చెడిపోయిందనుకుని షాపులమీదికి వస్తారు.

ఉత్తరం నేనే పైకి చదివాను. రెమీహియో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు గాలికి పాడానురా బక్కోడా" అన్నాడు. "పాడిన పాట పాడినట్టే నది మీద కొట్టుకుపోయింది. ఒక్కటి. ఒక్క ప్లేటు ఉంటే చాలు, మనిషి పాడాడని గుర్తుంటుంది."

అందరం ఒక్తావియో వైపు చూశాం. తాళం వాయించే నొల్బెర్తోకి చమురు కంపెనీ శిబిరంలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్ళిపోతున్నాడు. ఈ ప్లేటు ఇప్పుడు రాకపోతే ఇక రాదని అందరికీ తెలుసు.

"లీమాలో కరెంటు బాగుంటుందా?" అన్నాడు ఒక్తావియో.

మూడు రోజులు లారీలో కొండలెక్కి దిగి లీమా చేరాం. పైన చలికి మా పళ్ళు టకటకలాడుతుంటే ఒక్తావియో ఆ డబ్బాని తన స్వెట్టరు లోపల పెట్టుకుని కూర్చున్నాడు. నాకు జ్వరం వచ్చింది, నన్ను మాత్రం ఏ స్వెట్టరు లోపలా పెట్టుకోలేదు.

స్టూడియో ఒక మేడ కింద నేలమాళిగలో ఉంది. అద్దం గోడ వెనక ఇంజనీరు బొకనేగ్ర, తెల్లకోటు వేసుకుని, గుండెజబ్బుల డాక్టరులా కూర్చున్నాడు. సాయంత్రం ఆరింటిదాకా గది మాది. ఆరు తర్వాత తమ వంతు కోసం బయట బెంచీమీద వేరే బృందం బాకాలు తుడుచుకుంటూ కూర్చునుంది.

"ఆ డబ్బా బయట పెట్టండి" అన్నాడు బొకనేగ్ర.

"అది బయటుంటే నేనూ బయటే ఉంటానండి" అన్నాడు ఒక్తావియో. అని, నిజంగానే వెళ్ళి మెట్లమీద కూర్చున్నాడు.

రెండు గంటలు కూర్చున్నాడు. నొల్బెర్తో బతిమాలాడు. నేను బతిమాలాను. రెమీహియో బతిమాలలేదు, తిట్టాడు. గడియారం నాలుగున్నర చూపించింది. ఇంక ఆగలేక నేను పాపిష్టి పని ఒకటి చేశాను.

"సరే, డబ్బా లోపలే ఉంటుంది. ఇంజనీరుగారిని నేను ఒప్పించాను" అని అబద్ధం చెప్పి ఒక్తావియోని లోపలికి తీసుకొచ్చాను. "తీగలు నేను కలుపుతాలే, నువ్వు గిటారు శ్రుతి చూసుకో" అన్నాను. డబ్బాకి కరెంటు ఇచ్చాను, ఎర్రలైటు వెలిగింది. గిటారు తీగ, మైకు తీగ మాత్రం డబ్బా వెనకనుంచి పోనిచ్చి తిన్నగా ఇంజనీరు బల్లకి కలిపేశాను. ఎర్రలైటు చూసి ఒక్తావియో తృప్తిపడ్డాడు. ఆ తృప్తి చూసి నాకు కొంచెం సిగ్గేసింది, కొంచెమే.

మామూలుగానే రెమీహియో టోపీ మీద ఒక మాట, రెమీహియో కేక, మర పావు వంతు. "ఊఁ, కానివ్వండి."

గిటారు మోగింది. కడిగిన కంచంలా శుభ్రంగా. ఒక్తావియో ఉలిక్కిపడి డబ్బా వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. అప్పుడు రెమీహియో పాట అందుకున్నాడు.

గొంతు వణికింది.

తప్పు తీగ కలిపానేమో అనుకున్నాను మొదట. వాయిస్తూనే వంగి డబ్బా వెనక చూశాను. రెండు కన్నాలూ ఖాళీ. మళ్ళీ చూశాను. ఖాళీయే. అయినా గొంతు వణుకుతూనే ఉంది. చలికి వణికినట్టు కాదు, ఆపుకోవాలన్నా ఆగనట్టు. అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ళ క్రితం వానాకాలంలో రెమీహియోకి విషజ్వరం వచ్చి నలభై రోజులు మంచం మీద ఉన్నాడు. ఆ డబ్బా పుట్టింది కూడా ఆ వానాకాలంలోనే.

ఒక్కొక్కరుగా వాయించడం ఆపేశాం. రెమీహియో చివరగా ఆపాడు. నొల్బెర్తో నేలకేసి చూస్తున్నాడు. అద్దం వెనకనుంచి బొకనేగ్ర గొంతు వినిపించింది.

"ఆ డబ్బా ఇంకా తియ్యలేదా? గాయకుడి గొంతు వణుకుతోంది."

ఒక్తావియో ఒక్కడే గిటారు దించి ముందుకొచ్చాడు.

"తప్పు నాదేనండి" అన్నాడు. "తీసేశాం, కానీ ఇది మా ఊరి తయారీ. తీగల్లో వణుకు కొంచెం మిగిలిపోతుంది. డబ్బా పీకినా అరగంట దాకా వదలదు. మైకు తీగలో మరీ ఎక్కువ మిగులుతుంది."

ఇంత సిగ్గులేని అబద్ధం నేను నా జన్మలో వినలేదు. చెప్పినవాడు రేడియో మెకానిక్. విన్నవాడు ఇంజనీరు. బొకనేగ్ర ఒక్తావియోని చూశాడు. తర్వాత టోపీని రెండు చేతులా నలుపుతున్న రెమీహియోని చూశాడు. చెవులకున్న హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టాడు.

"అవును, అలాంటి తీగలు ఉంటాయి" అన్నాడు తాపీగా. "నేనూ చూశాను. అలాంటప్పుడు డబ్బా పెట్టెయ్యడమే మంచిది. సగం వణుకు కన్నా పూర్తి వణుకు నయం. మా పెద్దాయనకి నేను చెప్పుకుంటాను."

ఆ తెల్లకోటు మనిషిని కౌగిలించుకోవాలనిపించింది నాకు. మధ్యలో అద్దం ఉంది. వెంటనే తీగలు పీకి డబ్బాకి కలిపాను.

ఐదున్నర. ఒక్తావియో వంగి మర మీద చెయ్యి వేశాడు.

"కుంపా, ఆ టోపీ లీమా కాకులు గూడు కట్టుకోవడానికి అడుగుతున్నాయి."

రెమీహియో పలకలేదు.

"కుంపా, నిన్నే. మీ అత్తగారికి నీకన్నా మీసాలు బాగా వస్తాయి."

పలకలేదు. టోపీ నలుపుతూ నిలబడ్డాడు. అప్పుడు నాకు తల మీద మొట్టికాయ వేసినట్టు అర్థమైంది. నాలుగేళ్ళుగా ప్రతి పాటకీ ముందు ఆ చిల్లర తగువు ఎందుకో. ఆ పూట గొంతు ఎంత వేగంగా వణుకుతుందో తెలిస్తేనే గిటారుని సరిగ్గా అంతే వణికించగలడు. రెండూ ఒక్క తీరుగా వణికితే తప్పు డబ్బాది అవుతుంది. కేక వినకపోతే మర ఎటు తిప్పాలో అతనికి తెలియదు. "కుంపా, ఒకసారి అరిచి చూపించు, నీ గొంతు ఎంత పాడైందో కొలుస్తాను" అని ఏ మనిషి ఏ మనిషిని అడగగలడు?

"మేకా! ముసలి మేకా!" అన్నాడు ఒక్తావియో. నుదుటి మీద చెమట పట్టింది. "మూగమేకా!"

రెమీహియో తల ఎత్తలేదు. ఐదూ నలభై. బయట ఎవరో బాకా ఊది చూసుకున్నారు. అద్దం వెనక టేపు తిరుగుతూనే ఉంది. ముప్పై ఏళ్ళ పాట ఈ గదిలో మూగబోయి ఉండిపోతుందని నాకు ఏడుపొచ్చింది.

ఒక్తావియో ఊపిరి పీల్చుకున్నాడు. "రేవు దగ్గర సారాకొట్టులో ఫోటో కట్టించుకున్నావే, మనిషంత పొడుగు పైచే చేప, పెద్ద మొనగాడిలా దాని పక్కన నిలబడి. ఆ చేప నువ్వు పట్టింది కాదు కుంపా. యరినాకోచా సంతలో కొన్నావు."

"అబద్ధంరాఆఆఆ!"

మైకుకీ అద్దానికీ మధ్య ఉన్న ప్రతి వస్తువూ కదిలింది. బొకనేగ్ర కుర్చీలోంచి లేచాడు. బయట బాకా ఆగిపోయింది. రెమీహియో ఒక్తావియో తల్లిని, తండ్రిని, గిటారుని, డబ్బాని, ఆ డబ్బాలోని పాలపొడి తాగిన బిడ్డల్ని కలిపి ఒకే ఊపిరిలో కడిగేశాడు. ఒక్తావియో కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చి, మర అర వంతు తిప్పాడు.

"ఊఁ, కానివ్వండి."

ఆ కోపం మీదే రెమీహియో పాట ఎత్తుకున్నాడు. గిటారు అతని పక్కనే, అడుగులో అడుగు వేసినట్టు వణికింది. పన్నెండేళ్ళు అతని వెనక నిలబడి వాయించాను, అంత బాగా పాడగా నేనెప్పుడూ వినలేదు. అదే ఊపులో రెండో పాట కూడా అయిపోయింది. ఆరుకి రెండు నిమిషాలుండగా బొకనేగ్ర చెయ్యి ఎత్తి చాలన్నాడు.

ప్లేటు వచ్చింది. ఆ "అబద్ధంరా" కేకని కూడా బొకనేగ్ర కొయ్యకుండా పాట ముందు ఉంచేశాడు. జనం గ్రామఫోన్లు చెడిపోయాయని షాపులమీదికి వెళ్ళలేదు సరికదా, కేక వినడానికి సూది మళ్ళీ మళ్ళీ వెనక్కి పెట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి పుకాల్పాలో నిండా ఇరవై ఏళ్ళు లేని, గంటలాంటి గొంతులున్న గాయకులు కూడా పనిగట్టుకుని వణుకుతూ పాడడం మొదలెట్టారు. వాళ్ళ తల్లులు కషాయాలు కాచి పోశారు.

కానీ అది తర్వాత. ఆ రోజు తిరుగు ప్రయాణంలో, లారీ ఎక్కేముందు, నేను ఒక్తావియోని పక్కకి పిలిచాను.

"క్షమించన్నా. నాకు తెలియదు."

"ఏం తెలియదు?"

"గొంతు సంగతి. ఊరంతా నిన్ను తిడుతుంటే ఎందుకు ఊరుకున్నావు? వదిన కొట్టు దగ్గర కూడా..."

"ఏ గొంతు సంగతి?" అన్నాడు ఒక్తావియో, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ. "తీగలో వణుకు మిగిలిపోయింది. చెప్పాను కదా." అని డబ్బాని స్వెట్టరులో పెట్టుకుని డ్రైవరు పక్కన ఎక్కేశాడు. పది నిమిషాల్లో గురక వినిపించింది. గురక కూడా తిన్నగా లేదు.

నేనూ రెమీహియో వెనక మూటలమీద కూర్చున్నాం. లారీ కొండెక్కుతోంది.

"జ్వరం తగ్గి లేచిన రోజే తెలిసిందిరా నాకు" అన్నాడు రెమీహియో ఉన్నట్టుండి. "నా గొంతు నాకు తెలియదా? వాడు డబ్బా పట్టుకొచ్చి మైకు తీగ దాంట్లో దూర్చిన రోజే అర్థమైంది ఎందుకు దూరుస్తున్నాడో. అప్పట్నించీ వాడు గిల్లినప్పుడల్లా పొడుగ్గా అరుస్తున్నాను. పొట్టిగా అరిస్తే పాపం వాడికి కొలత అందదు."

నేను మూటమీద అతని వైపు తిరిగి కూర్చున్నాను.

"మరి ఇవాళ రెండోసారి ఎందుకు అరవలేదు మావా?"

"మీ అందరికీ తెలిసిపోయింది కదరా. సిగ్గేసి నోరు పెగల్లేదు." గొంతు తగ్గించి అడిగాడు. "ఆ చేప కొన్నానని వాడికెలా తెలుసురా?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. రెమీహియో కూడా నవ్వాడు. తర్వాత నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఒట్టెయ్యి బక్కోడా. నాకు తెలుసని వాడికి చెప్పకు. తెలిసిందంటే నాతో మర్యాదగా మాట్లాడడం మొదలెడతాడు. అప్పుడు నేను అరిచేదెలా?"